సైటులో మస్టర్ (హాజరు పుస్తకం) ఏది? బిల్డర్లకు, అధికారులకు ఒక తాపీ మేస్త్రి బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు నగరాల్లో ఇళ్లు, అపార్ట్‌మెంట్లు కడుతున్న బిల్డర్లకు, వాళ్లకు మనుషుల్ని తెచ్చిపెట్టే లేబర్ కాంట్రాక్టర్లకు, కార్మిక శాఖ, మున్సిపల్, పోలీసు అధికారులకు నమస్కారం.

నేను అజిత్‌సింగ్‌నగర్‌లో ఉండే తాపీ మేస్త్రిని. ఇటుక కట్టుబడి, ప్లాస్టరింగ్ నా పని. మా అడ్డా మీద నిలబడే మేస్త్రులం, కూలీలం కలిసి, కాంట్రాక్టర్లు బయటి ముఠాలని తక్కువ కూలికి దింపి మాకు పని లేకుండా చేస్తున్న సంగతి మీద ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లాగి వెళ్తే ఫైలు వేరే సెక్షన్‌కి పోయిందన్నారు. ఆ సెక్షన్‌లో అడిగితే, బయటి దేశంవాళ్ల సంగతి అంటున్నారు కాబట్టి పోలీసులకు చెప్పుకోండి అన్నారు. పోలీసుల దగ్గరికి పోతే, కూలి రేట్ల గొడవ మాది కాదు, లేబర్ ఆఫీసుకు పొండి అన్నారు. ఒక్కొక్కరి మాట విడిగా చూస్తే తప్పులేదు. కానీ మా గోడు మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. అందుకని మీ అందరికీ కలిపి, నలుగురూ చదివేట్టు రాస్తున్నాను.

ముందు మా అడ్డా సంగతి చెప్తాను. తెల్లారి ఆరున్నరకల్లా టిఫిన్ క్యారేజీ, తాపీ, మట్టం పలక ఉన్న సంచి పట్టుకుని నిలబడతాం. ఇంతకుముందు ఏడున్నర అయ్యేసరికి అడ్డా సగం ఖాళీ అయ్యేది. మిగిలినవాళ్లని చిన్న చిన్న రిపేర్లకి ఇంటివాళ్లు వచ్చి తీసుకుపోయేవారు. ఇప్పుడు తొమ్మిదింటికి కూడా మనుషులు అట్లాగే ఉంటున్నారు. తొమ్మిది దాటాక ఇక ఎవరూ రారు. ఇంటికి పోయి పని దొరకలేదని చెప్పలేక, క్యారేజీ అక్కడే విప్పి తిని, మధ్యాహ్నానికి మెల్లగా ఇంటిదారి పట్టేవాళ్లు మాలో ఉన్నారు. వారంలో ఆరు రోజులు పని చూసిన మేస్త్రికి మూడు రోజులు దొరికితే ఆ వారం బాగున్నట్టు.

పని లేకనా అంటే అదీ కాదు. 2019లో ఇసుక దొరక్క ఒకసారి, రాజధాని పనులు ఆగిపోయి ఇంకోసారి చితికిపోయాం. అప్పుడు నిజంగానే పని లేదు. మేస్త్రులు ఆటోలు తోలారు, కొందరు హైదరాబాద్ పోయారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరదై మా ఇళ్ల మీద పడి సామాను, పనిముట్లు అన్నీ పోయాయి. ఆ తర్వాత 2025 మే 2న ప్రధానమంత్రి వచ్చి అమరావతి పనులు మళ్లీ మొదలుపెట్టారు. గొల్లపూడి నుంచి కంకిపాడు దాకా, కృష్ణ దాటితే తాడేపల్లి, మంగళగిరి దాకా, ఎటు చూసినా స్లాబులు లేస్తున్నాయి. పని ఉంది. పిలుపే లేదు. ఇది ఎందుకయిందో ఒక్కొక్కటే చెప్తాను.

1. మా అడ్డా మీద ఈ మధ్య ఎక్కువ వినపడే మాట, "బంగ్లాదేశ్ వాళ్లు వచ్చి మన పని లాగేసుకున్నారు" అని. అధికారులు కూడా ఈ మాట వినే ఉంటారు. ఇందులో ఎంత నిజముందో తేల్చాల్సింది మీరే, టీ కొట్టు దగ్గర మేం తేల్చేది కాదు. నాకు తెలిసింది మాత్రం చెప్తాను. సైట్ల మీద నేను కలిసి పనిచేసిన బయటివాళ్లలో బీహార్ వాళ్లున్నారు, ఒడిశా వాళ్లున్నారు, జార్ఖండ్ వాళ్లున్నారు. బెంగాల్లో మాల్దా, ముర్షిదాబాద్ జిల్లాల నుంచి వచ్చిన రాడ్ బెండింగ్ కుర్రాళ్లున్నారు. వీళ్లందరినీ మనం హిందీవాళ్లు అనేస్తాం. బెంగాలీ మాట్లాడితే చాలు బంగ్లాదేశ్ అనేస్తాం. ఆ ముర్షిదాబాద్ కుర్రాడికి ఈ దేశంలో ఎక్కడికైనా పోయి బతికే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. నా కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నది కూడా ఆ హక్కుతోనే.

కాగితాలు లేకుండా సరిహద్దు దాటి వచ్చినవాళ్లు ఉంటే అది వేరే సంగతి. దానికి చట్టం ఉంది. 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. చెల్లే పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి వచ్చినవాళ్లకు అయిదేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. దొంగ కాగితాలతో వస్తే శిక్ష ఇంకా ఎక్కువ. ఆ చట్టాన్ని అమలు చెయ్యమనే మేమూ అంటున్నాం. దొంగతనంగా వచ్చినవాడు ఉంటే పట్టుకోండి, చట్టం చెప్పినట్టు పంపండి. అందులో మాకు రెండో మాట లేదు. కానీ ఆ పట్టుకోవడం ఎక్కడ మొదలుపెడతారనేదే మా ప్రశ్న. అదే చట్టం ప్రకారం లాడ్జిలో ఒక విదేశీయుడికి గది ఇస్తే యజమాని వివరాలు అధికారులకు పంపాలి. ఆసుపత్రిలో చేర్చుకున్నా పంపాలి, కాలేజీలో సీటు ఇచ్చినా పంపాలి. మరి అపార్ట్‌మెంటు వెనక రేకుల షెడ్డులో నలభై మందిని పెట్టినవాడిని, వీళ్లెవరయ్యా, ఏ ఊరివాళ్లు అని అడిగినవాళ్లు నాకైతే ఒక్కరూ కనపడలేదు.

2. ఇప్పుడు రేటు సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇల్లు కట్టించుకునేవాళ్లకి కూడా ఇది తెలియదు.

మా మేస్త్రులకి, హెల్పర్లకి ఒక రోజుకూలి ఉంది. అది అడ్డా మీద అందరికీ తెలిసిన రేటు. సైటు గుత్తకి తీసుకున్న కాంట్రాక్టరు బిల్డరుతో చదరపు అడుగుకి ఇంత అని మాట్లాడుకునేటప్పుడు ఈ రేటునే లెక్కగడతాడు. పనిలోకి దింపేటప్పుడు మాత్రం బయటి ముఠాని దింపుతాడు. వాళ్ల ఊళ్లోనే సర్దారు (ముఠా పెద్ద) చేతికి అడ్వాన్స్ ఇచ్చి, పండగ ఖర్చుకో పెళ్లి ఖర్చుకో అప్పుగా వాళ్లకి పంచి, రైలెక్కించి తెస్తారు. ఆ అడ్వాన్స్ తీరేదాకా వాళ్లు కదలడానికి లేదు. వారం వారం ఖర్చులకి కొంత చేతిలో పెడతారు. మిగతా లెక్క ఊరెళ్లేటప్పుడు చూసుకుందాం అంటారు. తిండి, షెడ్డు, గ్యాస్ అంటూ అందులోనూ కోతలే. ఒక ఒడిశా కుర్రాడు నాకు తన ఫోనులో రాసుకున్న లెక్క చూపించాడు. పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా చేసిన రోజుకి ఒకటే హాజరు పడింది. మా దగ్గరయితే సాయంత్రం అయిదున్నర దాటితే ఓవర్‌టైం అడుగుతాం. శనివారం డబ్బులు చేతిలో పడకపోతే సోమవారం రాం. ఆదివారం సెలవు. సంక్రాంతికి వారం రోజులు కనపడం. ఇవన్నీ కాంట్రాక్టరుకి తలనొప్పులే, ఒప్పుకుంటాను. షెడ్డులో పడుకున్నవాడికి ఈ తలనొప్పులేవీ లేవు. వర్షం వెలిస్తే రాత్రి పదింటికైనా లేపి స్లాబు పోయించొచ్చు.

బిల్డరు ఇచ్చిన రేటుకీ ఆ కుర్రాడి చేతిలో పడ్డ డబ్బుకీ మధ్య ఉన్నది ఎవరి జేబులోకి పోతోందో వేరే చెప్పక్కర్లేదు. ఫ్లాటు కొనేవాళ్లకి ఒక్క రూపాయి తగ్గిందా అంటే అదీ లేదు.

అసలు చట్టం ఏమందో చూడండి. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కాంట్రాక్టరు తీసుకొచ్చే కూలీల కోసం 1979లోనే ఒక చట్టం వచ్చింది. ఒడిశా నుంచి దాదన్ కూలీలను, అంటే అడ్వాన్సిచ్చి తెచ్చే కూలీలను, తోలుకెళ్లి చేస్తున్న దోపిడీ చూసి చేసిన చట్టం అది. కాంట్రాక్టరుకి లైసెన్సు ఉండాలంది. ప్రతి కూలీకీ ఫొటో అంటించిన పాసుబుక్కు ఇవ్వాలంది. ఊరు విడిచి వచ్చినందుకు నెల కూలిలో సగం అదనంగా ఇవ్వాలంది, అది అడ్వాన్సులో కొట్టేసుకోవడానికి వీల్లేదంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అదే సైటులో అదే పని చేస్తున్న మిగతావాళ్లకి ఎంత కూలి ఇస్తున్నారో వలస కూలీకి కూడా అంతే ఇవ్వాలంది. ఈ ఒక్క ముక్క అమలై ఉంటే ఈ లేఖే అవసరం లేదు. బీహార్ మేస్త్రికీ నాకూ ఒకటే కూలి అన్నప్పుడు కాంట్రాక్టరు పని బాగా చేసేవాణ్ణి పెట్టుకుంటాడు. అందులో నేను ఓడిపోతే నా ఖర్మ అనుకుంటాను.

ఆ 1979 చట్టం అయిదుగురు వలస కూలీలు ఉంటే చాలు వర్తించేది. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టంలో (లేబర్ కోడ్) అది పది అయింది. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలకి కేంద్ర చట్టంలో పాత హద్దు ఇరవై మంది, కొత్త హద్దు యాభై. కాంట్రాక్టరు తీసుకురాకుండా తనంతట తాను వచ్చిన కూలీని కూడా వలస కార్మికుడిగా చూడాలని కొత్త కోడ్ చెప్పింది, అది మంచిదే. కానీ మా ఊళ్లో జరిగేవన్నీ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు. సెంట్రింగ్ ముఠా ఒకడి పేరు మీద, రాడ్ బెండింగ్ ఇంకొకడి పేరు మీద, ఇటుక పని మరొకడి పేరు మీద. ఎవడి కింద చూసినా తొమ్మిది మంది ఉంటారు. ఒకే షెడ్డులో పడుకునే నలభై మంది కాగితం మీద అయిదు ముక్కలవుతారు. ఈ లొసుగు మాకే కనపడుతున్నప్పుడు అధికారులకి కనపడదని నేననుకోను.

3. మొదటి దెబ్బ తిన్నది మా ఆడకూలీలు. తట్ట మోసేది, ఇటుక అందించేది, క్యూరింగ్ చేసేది వాళ్లే. బయటి ముఠాల్లో అంతా మగవాళ్లు, ఆ పనీ వాళ్లే చేసుకుంటారు. మేస్త్రికి చిన్న రిపేరైనా దొరుకుతుంది, విడిగా ఆడకూలీని పిలిచేవాళ్లు లేరు. మా వీధిలో ఆడకూలీలు ఇప్పుడు ఇళ్లల్లో పాచిపనికి పోతున్నారు, కొంతమంది గుంటూరు వైపు మిర్చి తొడిమలు తీసే పనికి బస్సెక్కుతున్నారు. కూలిలో తేడా ఒక్కటే కాదు. నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరుండాలంటే గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. ఆ 90 రోజులు నిండకపోతే కార్డు రెన్యువల్ కాదు. కార్డు పోతే కాన్పుకో, చావుకో వచ్చే సాయం కూడా పోతుంది.

4. ఇది రాయడానికి మనసు ఒప్పుకోలేదు గానీ రాయకపోతే లేఖ సగమే అవుతుంది. నేను పనిచేసిన ఒక సైటులో నాలుగో అంతస్తు బయట ప్లాస్టరింగ్ చేస్తూ పరంజా మీంచి ఒక కుర్రాడు పడిపోయాడు. బెల్టు లేదు, వల లేదు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికే ప్రాణం పోయింది. చీటీలో పేరు రాయాలి, ఏ పేరు రాయాలి? సైటులో అందరూ అతన్ని రాజు అని పిలిచేవారు. అది అతని పేరు కాదని అప్పుడు తెలిసింది. పలకడం కష్టమని కాంట్రాక్టరు పెట్టిన పేరట. తెచ్చిన సర్దారు ఫోను స్విచాఫ్. పక్కన పనిచేసేవాళ్లది వేరే జిల్లా. చివరికి అతని ఫోను లాక్ తీయించి, రాత్రి మాట్లాడిన ఆఖరి నంబరుకి చేస్తే వాళ్లమ్మ ఎత్తింది. ఆమెకి హిందీ రాదు, మాకు వాళ్ల భాష రాదు. ఆ కబురు చెప్పడానికి ఇంకో సైటు నుంచి మనిషిని పిలవాల్సి వచ్చింది. రెండు రోజుల్లో ఎంతో కొంత చేతిలో పెట్టి శవాన్ని పంపేశారు. ఎంతిచ్చారో కాగితం లేదు.

చట్టం ప్రకారం అలాంటి చావు జరిగితే కాంట్రాక్టరు రెండు రాష్ట్రాల అధికారులకీ, ఇంటివాళ్లకీ తెలియజెయ్యాలి. ఎవరికి తెలియజేస్తాడు, పేరే తెలియనప్పుడు?

ఇది బయటివాళ్ల గొడవ కదా అనుకునేవాళ్లకి ఒకటి గుర్తుచేస్తాను. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో పదకొండు అంతస్తుల బిల్డింగు కూలి 61 మంది చచ్చిపోయారు. వాళ్లలో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు. అక్కడ మనవాళ్లే వలస కూలీలు. మా నాన్న కూడా టెక్కలి వైపు నుంచి తాపీ పట్టుకుని ఈ ఊరొచ్చినవాడే. అప్పట్లో కృష్ణలంక మేస్త్రులు ఆయన్ని చూసి తక్కువకి చేస్తున్నాడని తిట్టుకునే ఉంటారు.

5. గుంటూరు మిర్చి యార్డు సంగతి చూడండి. సీజన్‌లో అక్కడికి లక్షల బస్తాలు వస్తాయి. హమాలీల్లో స్థానికులున్నారు, పక్క జిల్లాలవాళ్లున్నారు. అక్కడ దింపుడికి, ఎత్తుడికి, కాటాకి బస్తాకి ఇంతని మాట్లాడుకున్న రేటు ఉంటుంది. పెంచాలంటే హమాలీ సంఘాలు, వ్యాపారులు, యార్డు వాళ్లు కూర్చుని గొడవపడతారు, ఒక్కోసారి పని ఆపుతారు, ఆఖరికి ఒక అంకె మీద ఒప్పుకుంటారు. ఆ అంకె అందరికీ ఒకటే. కొత్తవాడు ఏ ఊరినుంచి వచ్చినా తక్కువకి మోస్తానంటే ముఠా ఊరుకోదు. ముఠాలో చేరితే వాడికీ అదే రేటు. అక్కడ అంతా సుఖంగా ఉందని చెప్పను, యాభై దాటిన హమాలీ నడుం చూస్తే తెలుస్తుంది. కానీ బయటివాడు వచ్చి మా కూలి పడగొట్టాడు అనే మాట యార్డు గేటు లోపల పెద్దగా వినపడదు. గేటు దాటి కోల్డ్ స్టోరేజీల వైపు, స్పిన్నింగు మిల్లుల వైపు వస్తే, లోపలే గదులిచ్చి బయటికి వదలకుండా పనిచేయించుకునే చోట్ల అదే మాట మళ్లీ మొదలవుతుంది. గేటుకి ఇటూ అటూ ఉన్నది ఒకే రకం కూలీలు. తేడా అంతా రేటు రాసి ఉందా లేదా అన్న దగ్గరే.

6. రేటు సంగతి, మస్టర్ సంగతి వదిలేసి మనుషుల మీద పడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. మొన్నామధ్య మా అడ్డా దగ్గర టీ తాగుతున్న ఇద్దరు బెంగాలీ కుర్రాళ్లని మా కుర్రాళ్లే చుట్టుముట్టి ఆధార్ చూపించమన్నారు. వాళ్లు చూపించారు. ఇది దొంగదేమో అన్నాడొకడు. ఇక ఏం చూపిస్తే నమ్ముతారు? ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టంలోనే ఉంది. నన్ను నిలబెట్టి పౌరసత్వం చూపించమంటే నా దగ్గర మాత్రం ఇంకేముంది? పెద్దవాళ్లం కలగజేసుకుని పంపించేశాం. మర్నాటి నుంచి ఆ కుర్రాళ్లు టీకి కూడా షెడ్డు దాటి రావడం లేదు. అంటే కాంట్రాక్టరుకి ఇంకా లొంగిపోయారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే, దాంతో అత్తకే లాభం జరిగింది.

పోలీసులు చేసినా తొందరపడితే తప్పే జరుగుతుంది. 2025లో ఢిల్లీలో పట్టుకుని బంగ్లాదేశ్ సరిహద్దు దాటించేసిన వాళ్లలో బెంగాల్ బీర్‌భూమ్ జిల్లాకు చెందిన ఒక గర్భిణి ఉంది. కోర్టులు కలగజేసుకున్నాక ఆ ఏడాది చివర్లో ఆమెను వెనక్కి తీసుకురావాల్సి వచ్చింది. అమెరికాలో 2019 జనవరిలో ఫార్మింగ్టన్ అనే దొంగ యూనివర్సిటీ కేసులో 130 మంది విద్యార్థుల్ని పట్టుకుంటే 129 మంది మన దేశంవాళ్లే, అందులో తెలుగు పిల్లలు చాలామంది. అప్పుడు ఇక్కడ మనమేమన్నాం? పిల్లలకేం తెలుసు, ఏజెంట్లని పట్టుకోండి అన్నాం. నాకిప్పటికీ ఆ మాట సరైనదే అనిపిస్తుంది. ఇక్కడా అదే అంటున్నాను.

బిల్డర్లు దీనికి చెప్పే సమాధానం నాకు తెలుసు. స్థానికులు దొరకడం లేదు, మీ పిల్లలే తాపీ పట్టడం లేదు అంటారు. నిజమే, నా కొడుకూ పట్టలేదు. ఎండలో చేసిన పనికి కూలి పెరక్క, పడిపోతే దిక్కులేక, బోర్డు కార్డు ఉంటుందో ఊడుతుందో తెలియని పనిలోకి పిల్లాణ్ణి ఏ తండ్రి రమ్మంటాడు? పనులు ఆగిపోయినప్పుడు మేస్త్రుల్ని మీరే వదులుకున్నారు. మళ్లీ మొదలయ్యాక అడ్డాకి వచ్చి అడిగినవాళ్లు ఎంతమంది? రైలెక్కించి తెచ్చుకోవడం తేలికని ఫోను చేశారు. దొరకడం లేదు అనే ముందు ఒక్కసారి పొద్దున్నే సింగ్‌నగర్ వచ్చి చూడమని అడుగుతున్నాను.

మేం అడుగుతున్నవి ఇవి:

1. ప్రతి సైటు దగ్గరా ప్లాను వివరాలు రాసే బోర్డు మీదే లేబర్ కాంట్రాక్టర్ల పేర్లు, ఫోను నంబర్లు, లైసెన్సు నంబర్లు రాయించండి. మున్సిపల్ అధికారులు ప్లాను ఇచ్చేటప్పుడే ఈ షరతు పెట్టాలి. నిర్మాణ వ్యయంలో 1 శాతం కార్మిక సెస్సు వసూలు చేసుకుంటున్నారు కదా, ఎవరి పేరు మీద వసూలు చేస్తున్నారో ఆ మనుషుల పేర్లు అడగడం కష్టమా?

2. సైటుకొక్క మస్టర్ ఉండాలి. కాంట్రాక్టరుకొకటి చొప్పున ముక్కలు చేసింది కాదు. అందులో స్థానికులూ, బయటివాళ్లూ అందరి పేర్లు, ఊళ్లు, ఇంటివాళ్ల ఫోను నంబర్లు ఉండాలి. ఆ పుస్తకం ప్రధాన బిల్డరు బాధ్యత కావాలి. కాగితాలు లేకుండా వచ్చిన విదేశీయుడెవరైనా ఉంటే ఈ పుస్తకంలోనే బయటపడతాడు. రోడ్ల మీద ఆధార్ కార్డులు అడగనక్కర్లేదు.

3. ఒకే పనికి ఒకే కూలి. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, తాపీ, హెల్పర్ పనులకు ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల్లో ఇస్తున్న రేట్లు కార్మిక శాఖ విచారించి, తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీ భాషల్లో సైటు గేటు దగ్గర అంటించాలి. కూలి బ్యాంకు ఖాతాలో వెయ్యాలి, సర్దారు చేతికి కాదు.

4. కొత్త కోడ్ కింద రాష్ట్రం చేసే నిబంధనల్లో, ఒకే ఆవరణలో వేరు వేరు కాంట్రాక్టర్ల కింద ఉన్నవాళ్లందర్నీ కలిపి లెక్కవెయ్యాలి. తొమ్మిది మంది చొప్పున విడగొట్టే ఆట దాంతో ఆగిపోతుంది.

5. తనిఖీకి వస్తే పగలు పదకొండింటికి సైటు ఆఫీసులో కూర్చుని కాగితాలు చూసి పోకండి. సాయంత్రం ఏడు దాటాక షెడ్డు దగ్గరికి రండి.

6. విదేశీయుల తనిఖీ పోలీసులే చెయ్యాలి. కుర్రాళ్ల గుంపులు కాదు. అనుమానం ఉంటే ఆ మనిషి చెప్పిన ఊరి పోలీసు స్టేషన్‌ని అడిగి, తేలేదాకా ఆగాలి. దొంగ కాగితాలని తేలితే వాటిని చేయించి ఇచ్చినవాడి మీద, తెలిసీ పని ఇచ్చినవాడి మీద కూడా కేసు పెట్టాలి. కూలీని మాత్రమే పంపేసి కాంట్రాక్టరుని వదిలేస్తే వచ్చే నెలలో ఇంకొకణ్ణి తెస్తాడు.

7. 90 రోజుల పని సర్టిఫికెట్ ఇచ్చే బాధ్యత మస్టర్ రాసేవాడి మీదే పెట్టండి. మా ఆడకూలీలు సంతకం కోసం మేస్త్రుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరగలేరు.

ఇల్లు కట్టించుకుంటున్న సామాన్య జనానికి ఒక్క విన్నపం. మీ ఇంటి పని ఎవరు చేస్తున్నారో, వాళ్ల పేరేంటో, వారానికి ఎంత చేతికి వస్తోందో మీ కాంట్రాక్టరుని అడగండి. డబ్బు కట్టేది మీరు, అడిగే హక్కు మీకుంది.

మా అడ్డా మీద ఉన్నవాళ్ల పేర్లు, పనులు, ఫోను నంబర్లు మేమే పుస్తకంలో రాసి పెట్టాం. స్థానికులు దొరకడం లేదనే బిల్డరు ఎవరైనా వస్తే అక్కడికక్కడే చూపిస్తాం. అధికారులు ఈసారి మాటతో సరిపెట్టకుండా జవాబు రాతలో ఇవ్వండి. ఏ సెక్షన్‌లో ఎవరు చూస్తున్నారో కూడా అందులో రాయండి. సంక్రాంతి లోపు రాకపోతే, పండగకి ఊరెళ్లొచ్చాక తాపీలు, తట్టలు పట్టుకునే మీ ఆఫీసు ముందు కూర్చుంటాం. షెడ్డుల్లో ఉండే ముఠాలవాళ్లనీ రమ్మని పిలుస్తాం.

ఇట్లు,
అడ్డా మేస్త్రులు, కూలీల తరఫున
ఒక తాపీ మేస్త్రి,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ